అడగని అధికారికి ఆశ చూపి పట్టించవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పొలం హద్దుల కోసం ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి, చలానా కట్టి రెండు నెలలైంది. సర్వేయరు ఆఫీసు చుట్టూ తిప్పుకుంటున్నాడు తప్ప గొలుసు పట్టుకుని పొలానికి రావడం లేదు. చేయి తడపనిదే కదలడని ఊళ్లో పేరు. మీ దగ్గర మాత్రం ఇంతవరకు నోరు తెరిచి అడగలేదు. "మనమే ఇరవై వేలు ఇస్తామని ఆశ చూపిద్దాం. ఫోన్‌లో రికార్డు చేసి ఏసీబీకి అప్పజెబుదాం. అలాంటివాణ్ణి పట్టించడానికి నాలుగు అబద్ధాలాడితే తప్పేంటి?" అంటున్నారు మీ అన్నయ్య. ఫలితం మంచిదైతే దారి కాస్త వంకరైనా ఫర్వాలేదా అన్నది మీ సందేహం. అతనికీ పెళ్లాం పిల్లలున్నారు కదా అన్న జంకు కూడా మీకుంది.

జవాబు ముందే చెప్తాను. అతను అడిగితే ఏసీబీ దగ్గరకు వెళ్లండి, అక్కడ అబద్ధమాడాల్సి వచ్చినా మొహమాటపడకండి. అడగకపోతే మాత్రం ఆశ చూపకండి. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మన కోర్టులు డెబ్బై ఏళ్లుగా ఈ గీత దగ్గరే కొట్టుమిట్టాడుతున్నాయి.

ముందుగా ఒక విషయం దాపరికం లేకుండా ఒప్పుకోవాలి. ఏసీబీ ట్రాప్, అంటే లంచం తీసుకుంటుండగా వల పన్ని పట్టుకోవడం, అనేదే ఒక మోసం. ఫిర్యాదుదారు లొంగిపోయినట్టు నటిస్తాడు, "తెచ్చానండీ సార్" అంటాడు, బయట జీపులో కూర్చున్నవాళ్ల సంగతి చెప్పడు. ప్రభుత్వమే దగ్గరుండి ఆడించే నాటకం ఇది. దీన్ని ఎందుకు సహిస్తున్నామంటే, లంచం ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం. ఇచ్చినవాడికి పని అయిపోతుంది, తీసుకున్నవాడికి డబ్బు ముడుతుంది, మూడో మనిషి ఉండడు. దొంగతనమైతే పోగొట్టుకున్నవాడు కేకేస్తాడు. ఇక్కడ కేకేసేవాడే లేడు. తర్వాత ఎప్పుడో ఫిర్యాదు చేస్తే ఒకడి మాట, ఇంకొకడి మాట మిగులుతాయి. వేరే దారి లేదు కాబట్టే ఈ దారి. అంటే వేరే దారి ఉన్నచోట దీనికి సమర్థన కూడా తగ్గుతుంది. మీ విషయంలో ఇంకా దారులు ఉన్నాయి. వాటి దగ్గరకు చివర్లో వస్తాను.

ఇలాంటి చర్చ రాగానే మనవాళ్లు శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన ‘బొంకవచ్చు’ జాబితా తీస్తారు. ఆ జాబితాలో ప్రాణం, మానం, విత్తం కాపాడుకోవడం ఉన్నాయి, పెళ్లి విషయాలు ఉన్నాయి. ఎదుటివాడి చేత తప్పు చేయించి పట్టుకోవడం లేదు. పైగా ఆ మాటలు చెప్పింది ఇచ్చిన మాట తప్పమని సలహా ఇస్తున్న సందర్భంలో, ఆ సలహాను బలి వినలేదు కూడా. కాబట్టి అన్నయ్యగారికి అటు నుంచి పెద్దగా సాయం దొరకదు.

ఇక కోర్టులు. 1954లో శివ్ బహదూర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ విషయంలో మొదట చదవాల్సింది. నిందితుడు వింధ్యప్రదేశ్‌లో (ఇప్పుడది మధ్యప్రదేశ్‌లో భాగం) మంత్రి. పన్నా వజ్రాల గనుల వ్యవహారంలో పాతిక వేలు తీసుకుంటుండగా 1949 ఏప్రిల్‌లో ఢిల్లీలో పట్టుకున్నారు. శిక్ష నిలిచింది. కానీ అదే తీర్పులో కోర్టు పోలీసులకూ చురక వేసింది. అవినీతిని పట్టుకోవడానికి వల వేయాల్సి రావచ్చు, అయితే ఇచ్చేవాడి దగ్గర డబ్బు లేక, తెచ్చుకునే స్తోమతు కూడా లేనప్పుడు పోలీసులే లంచం సొమ్ము చేతికిచ్చి నేరం జరిపించడానికి సమర్థన లేదంది. మేజిస్ట్రేట్లను ట్రాప్ సాక్షులుగా తెచ్చి నిలబెట్టడాన్నీ తప్పుపట్టింది. గమనించండి, మనిషి దోషే, శిక్ష పడాల్సిందే, అయినా దారి తప్పే. రెండూ ఒకే తీర్పులో చెప్పారు. ఫలితం బాగుంటే దారి దానంతటదే శుద్ధి అయిపోతుందనేవాళ్లకు ఇది మింగుడుపడదు.

రెండేళ్ల తర్వాత 1956లో బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే కోర్టు గీతను ఇంకా స్పష్టంగా గీసింది. నేరం చేయాలని తానే నిశ్చయించుకుని అడుగులేస్తున్నవాడికి అవకాశమిచ్చి బయటపెట్టడం ఒకటి. వద్దని గట్టిగా నిర్ణయించుకున్నవాణ్ణి రెచ్చగొట్టి చేయించడం మరొకటి. ఎవడికి ఎలాంటి నేర బుద్ధి ఉన్నా, తట్టుకోలేని ప్రలోభం కావాలని పెట్టరన్న భరోసా అతనికి ఉండాలి, అందులోనూ చట్టాన్ని కాపాడాల్సినవాళ్లే ఆ పని చేయకూడదు. సారాంశం ఇది. బ్రిటన్‌లో 2001లో లూస్లీ కేసులో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ వాడిన కొలత కూడా పనికొస్తుంది: రోజూ ఎవరైనా ఎదురుపడి ఇవ్వగలిగే మామూలు అవకాశమే ఇచ్చారా, అంతకు మించి లాగారా? సర్వేయరు "ఖర్చులుంటాయి కదా" అన్నప్పుడు "ఎంతండీ" అని అడగడం మామూలు అవకాశం. వారం రోజులు ఇంటికి వెళ్లి, కూతురి ఫీజు కట్టాలని తెలుసుకుని, ఆ ఫీజు మొత్తం కవర్లో పెట్టి చూపించడం మామూలుది కాదు.

ఇక్కడ మీ అన్నయ్య పట్టుకోగల ఒక పాయింటు ఉంది, దాచడం ఎందుకు. 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదాని ప్రకారం, అధికారి అడగకపోయినా ఇచ్చేవాడు తనంతట ఇవ్వజూపితే దాన్ని స్వీకరించడం కూడా నేరమే. ‘స్వీకరించడం’, ‘రాబట్టడం’ వేర్వేరు. కాకపోతే ఇవ్వజూపడమో, అడగడమో రుజువు కావాలి. చేతిలో నోట్లు దొరికినంత మాత్రాన చాలదు. అంటే అన్నయ్య పథకంలో సర్వేయరు దొరికిపోవచ్చు. సరే, మరి ఇవ్వజూపిన అన్నయ్య సంగతి?

అవినీతి నిరోధక చట్టం 1988కి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం, ఇస్తానని మాటివ్వడం కూడా 8వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా శిక్ష. రెండు మినహాయింపులే ఉన్నాయి. బలవంతం మీద ఇచ్చి, ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్తే తప్పించుకోవచ్చు. లేదా ముందే సంస్థకు తెలియజేసి, వాళ్ల దర్యాప్తుకు సాయంగా ఇస్తే ఈ సెక్షన్ వర్తించదు. ముందుగా ఎవరికీ చెప్పకుండా "ఇరవై వేలు ఇస్తాం సార్" అని ఫోన్‌లో అన్న క్షణంలోనే అన్నయ్య రెండు మినహాయింపులూ కోల్పోతారు. ఆ రికార్డింగే ఆయన మీద సాక్ష్యం. ఇంకో మాట, 7వ సెక్షన్‌కు చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ రేషన్ కార్డు దరఖాస్తు సకాలంలో చూడటానికి ఐదు వేలు అడిగిన ఉద్యోగిది. పని న్యాయమైనదే అయినా, చేయాల్సిన పనే అయినా, అడగడమే నేరం. మీ సర్వే కూడా సరిగ్గా అలాంటి పనే.

ఇప్పుడు ట్రాప్ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూద్దాం. మోసాన్ని అనుమతిస్తూనే దానికి ఎన్ని ముకుతాళ్లు వేశారో అందులోనే తెలుస్తుంది.

మీరు ఏసీబీ డీఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తారు. అందులో ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలతో, ఎంత అడిగాడో ఉండాలి. "లంచగొండి అని అందరూ అంటారు" అన్నది ఫిర్యాదు కాదు. వాళ్లు రహస్యంగా విచారిస్తారు: ఆ అధికారి పేరు ఎలాంటిది, మీ పేరు ఎలాంటిది, మీకూ అతనికీ పాత గొడవలున్నాయా, మీ ఫైలు నిజంగా అతని దగ్గరే ఉందా. మీ గురించి కూడా ఆరా తీస్తారని విని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దు, ట్రాప్‌ను పగతీర్చుకోవడానికి వాడకుండా ఉన్న మొదటి అడ్డుకట్ట అదే. తర్వాత కేసు నమోదవుతుంది.

వేరే శాఖల నుంచి ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగుల్ని మధ్యవర్తులుగా పిలుస్తారు. వాళ్ల ఎదుట మీరు మళ్లీ మొత్తం చెప్పాలి, వాళ్లు ప్రశ్నలడుగుతారు. నోట్ల నంబర్లు రాస్తారు. ఒక కానిస్టేబుల్ ఆ నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తాడు. అది తెల్లటి పొడి, నోటు మీద ఉందని కంటికి తెలియదు. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి సోడియం కార్బోనేట్ కలుపుతారు, రంగు లేదని అందరికీ చూపిస్తారు. పొడి పూసిన కానిస్టేబుల్ ఆ నీళ్లలో వేళ్లు ముంచగానే గులాబీ రంగు తిరుగుతుంది. ఫినాఫ్తలీన్ మామూలు నీళ్లలో రంగు లేకుండా ఉండి, క్షారంలో పడితే గులాబీ అవుతుంది. కిటుకంతా అంతే. ఆ కానిస్టేబుల్‌ను ట్రాప్‌కు తీసుకెళ్లకూడదు. వెళ్తే "నా చేతికి పొడి అతని నుంచే అంటింది" అని వాదించడానికి నిందితుడికి దారి దొరుకుతుంది. మిగతావాళ్లంతా చేతులు కడుక్కుంటారు. మీ చొక్కా జేబు ఖాళీ చేయించి, నోట్లు అందులో పెడతారు. తర్వాత మీకు చెప్పే సూచనలు చాలా ముఖ్యం: మళ్లీ అడిగితేనే ఇవ్వాలి, అడిగేదాకా నోట్లు ముట్టుకోకూడదు, షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు, ఇచ్చాక ఫలానా సైగ చేయాలి. మీ వెంట మాటలు వినడానికి ఒక తోడు సాక్షి వస్తాడు. ఇదంతా ముందే రాసి, అందరూ సంతకాలు పెట్టాకే బండి కదులుతుంది.

‘మళ్లీ అడిగితేనే’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఫిర్యాదులో ఒకసారి అడిగాడని ఉన్నా, ఆ రోజు అతని నోటి నుంచి ఆ మాట మళ్లీ రావాలి. మనసు మార్చుకోవడానికి అతనికి ఇచ్చే చివరి అవకాశం అది. "వద్దులేవయ్యా, ఫైలు పెట్టేశాను పో" అన్నాడా, మీరు నోట్లతో వెనక్కి రావాలి. అలా ఖాళీ చేతులతో తిరిగొచ్చే ట్రాపులూ ఉంటాయి, అందులో నామోషీ ఏమీ లేదు.

సైగ అందాక బృందం లోపలికి వస్తుంది. కుడి చేతి వేళ్లు ఒక గ్లాసులో, ఎడమ చేతివి వేరే గ్లాసులో కడిగిస్తారు. ఏ చెయ్యి రంగు తిరిగిందో, ఏది తిరగలేదో విడివిడిగా రాస్తారు. జేబులో దొరికితే జేబు గుడ్డ, సొరుగులో దొరికితే ఆ చోటు కూడా పరీక్షిస్తారు. ఆ నీళ్లను సీసాల్లో పోసి మూతి బిగించి, లక్క ముద్ర వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. గాలి తగిలితే కాలక్రమంలో రంగు వెలిసిపోతుంది, అందుకే ఆ సీలు. నోట్ల నంబర్లు మధ్యవర్తులు సరిచూస్తారు. ఆ తర్వాత అసలు ఘట్టం: "ఏం జరిగింది?" అని అధికారిని అడిగి, అతను అప్పటికప్పుడు చెప్పిన మాట ఉన్నదున్నట్టు నివేదికలో రాస్తారు. అప్పు తీర్చాడనో, చలానా కట్టమని ఇచ్చాడనో, జేబులో కుక్కాడనో చెప్పవచ్చు. నిజమైతే ఆ మాట అతన్ని కాపాడుతుంది. మూడేళ్ల తర్వాత కోర్టులో మొదటిసారి చెప్తే ఎవరూ నమ్మరు. నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే నీతిగా ఉన్న భాగం ఇదే. మోసపోయినవాడికి మోసం బయటపడ్డ నిమిషంలోనే మాట్లాడే హక్కు ఇస్తున్నారు.

ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా చెడేది ఫిర్యాదుదారు తొందర దగ్గర. అధికారి ఏమీ అనకుండా కూర్చుంటాడు, ఇతనికి చెమటలు పడతాయి, బయట బృందం ఎదురుచూస్తోందన్న కంగారులో నోట్లు తీసి టేబుల్ మీద పెట్టేస్తాడు. రంగు వస్తుంది, డిమాండ్ రాదు. తోడు సాక్షి వరండాలో ఆగిపోతే లోపల ఏమన్నారో చెప్పేవాడుండడు. కొన్నిసార్లు ట్రాప్ నాటికే ఫైలు సంతకమై పైకి వెళ్లిపోయి ఉంటుంది, ఇక దేనికి లంచం అన్న ప్రశ్న వస్తుంది. డబ్బు ఆఫీసు బయటి ప్రైవేటు మనిషి చేతికి వెళ్తే, అధికారికీ అతనికీ లింకు విడిగా నిరూపించాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. ఒకటి 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన నర్సింగరావు కేసు. పాల శీతలీకరణ కేంద్రం మేనేజరు, ఐదు వందల రూపాయలు. ఫిర్యాదుదారే కోర్టులో ఎదురు తిరిగాడు. డబ్బు తన జేబులో బలవంతంగా కుక్కారని మేనేజరు వాదన. మిగతా పరిస్థితులన్నీ చూసి కోర్టు ఆ వాదన నమ్మలేదు, శిక్ష నిలిపింది. రెండోది 2014లో ఒక ఎమ్మార్వో కేసు. చౌకధరల దుకాణం డీలరు ఫిర్యాదు, రెండు వందల యాభై రూపాయలు. డీలరు తన ఫిర్యాదునే కాదన్నాడు. డిమాండ్ రుజువు కాలేదు, నోట్లు దొరికినంత మాత్రాన నేరం కాదంటూ వదిలేశారు. ఈ రెండు ధోరణుల మధ్య ఉన్న అయోమయం తేల్చడానికే నీరజ్ దత్తా కేసు ఐదుగురు జడ్జీల ముందుకు వెళ్లింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, డిమాండ్‌ను ఇతర సాక్ష్యాలతో, పరిస్థితులతో నిరూపించవచ్చు, కానీ నిరూపించి తీరాలి అని తేల్చారు. ఎదురు తిరగకుండా ఉండటానికి చాలా కేసుల్లో ఫిర్యాదుదారు వాంగ్మూలం మేజిస్ట్రేటు ఎదుట ముందే రికార్డు చేయిస్తారు.

అధికారి దోషి అని ఊరంతా ఎరిగినా, డిమాండ్ రుజువు కాకపోతే కేసు పోతుంది. చాలామందికి ఇది ఒళ్లు మండించే విషయం. నాకు మాత్రం ఇది సబబుగానే తోస్తుంది. డిమాండ్ అన్న ఒక్క షరతు తీసేస్తే, గిట్టని అధికారి సొరుగులో పొడి పూసిన నోట్లు పడేయడం ఏ కాంట్రాక్టరుకైనా పది నిమిషాల పని. ముందు బలయ్యేది బిల్లుల మీద సంతకం పెట్టని నిజాయితీపరుడే.

రికార్డింగు గురించి. మీరు పాల్గొన్న సంభాషణను మీరే రికార్డు చేసుకోవడం వేరు, ఇద్దరు మాట్లాడుకునేది మూడో మనిషి దొంగచాటుగా పట్టడం వేరు. 1972లో మల్కానీ కేసులో బొంబాయి కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) లంచం అడిగిన ఫోన్ సంభాషణను, ఫిర్యాదు చేసిన డాక్టరు అనుమతితో పోలీసులు రికార్డు చేశారు. సుప్రీంకోర్టు దాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంది. గొంతు గుర్తించగలగాలి, మార్పులు జరగలేదని తేలాలి, విషయానికి సంబంధం ఉండాలి. ఇక్కడొక మెలిక ఉంది. సాక్ష్యం చెల్లడం, దాన్ని సంపాదించిన పద్ధతి సరైనది కావడం ఒకటి కాదు. మన కోర్టులు చాలాసార్లు మొదటిదానికి అవునని, రెండోదాని మీద పెదవి విరిచాయి. భార్య ఫోన్ మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆ టేపులు నిజమైనవే అయినా సాక్ష్యంగా పనికిరావంది. 2025 జులైలో సుప్రీంకోర్టు, విడాకుల కేసుల్లో భార్యాభర్తల మధ్య రహస్య రికార్డింగులు సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఈ గొడవ ఇంకా చల్లారలేదని అర్థం చేసుకోండి. సర్వేయరు ఫోన్‌లో ఏదైనా యాప్ ఎక్కించి వినాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోమనండి, అది ఐటీ చట్టం కింద విడి నేరం.

రికార్డు చేస్తే ఫోన్ మార్చకండి, ఫైలు కత్తిరించకండి, పేరు కూడా మార్చకండి. వాట్సాప్‌లో పంపి అసలుది తుడిచేయడం అందరూ చేసే పొరపాటు, అలా చేస్తే మీ దగ్గర మిగిలేది నకలే. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఉంటుంది, ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. కాల్ తేదీ, సమయం ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి.

"టీవీవాళ్లు స్టింగులు చేయడం లేదా?" అని అడుగుతారేమో. చేశారు, కొన్ని గొప్పగానూ చేశారు. 2009లో ఢిల్లీ బీఎండబ్ల్యూ కారు ప్రమాద కేసు స్టింగు విషయంలో, సాక్షిని లోబరుచుకునే ప్రయత్నాన్ని బయటపెట్టినందుకు సుప్రీంకోర్టు ఆ చానెల్‌ను మెచ్చుకుంది. కానీ అంతకు రెండేళ్ల ముందే 2007లో అదే ఢిల్లీలో ఇంకో చానెల్ ఒక స్కూలు టీచరు మీద స్టింగు చూపించింది. జనం ఆవిడ మీద పడి కొట్టారు, బట్టలు చింపారు. తర్వాత తేలిందేమిటంటే ఆ స్టింగే నకిలీది. చానెల్‌ను నెలపాటు ఆపేశారు. ఆవిడకు జరిగింది మాత్రం వెనక్కి రాలేదు. 2014లో, 2003 నాటి ఒక కేంద్రమంత్రి లంచం స్టింగు కేసులో, స్టింగు జరిపినవాళ్లు తాము ప్రజాహితం కోసం చేశామని, తమ మీద కేసు కొట్టేయమని అడిగారు. ప్రజాహితమని చెప్పుకున్నంత మాత్రాన నేరం చెరిగిపోదని సుప్రీంకోర్టు నిరాకరించింది. ఉద్దేశం ఏమిటో విచారణలో తేలాలంది. మీ అన్నయ్య పథకానికి దగ్గరగా ఉన్న తీర్పు ఇదే.

ఫలితం బాగుంటే చాలనే వాదనకు హద్దు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అది ఎంత దూరం వెళ్తుందో మనం కళ్లారా చూశాం. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పదిమంది పోలీసులను విచారించాలని కమిషన్ చెప్పింది. ట్రాప్‌కీ దీనికీ తేడా, ఒకటి చిన్న తప్పు, ఇంకొకటి పెద్ద తప్పు అని మాత్రమే కాదు. ట్రాప్‌లో పట్టుబడ్డవాడు రేపు కోర్టుకొచ్చి "నేను అడగలేదు" అనగలడు, గెలవగలడు కూడా. ఇక్కడ అడగడానికి ఎవరూ మిగల్లేదు. నార్కో పరీక్షలను బలవంతంగా చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు అన్నప్పుడూ ఇదే రకం ఆలోచన ఉంది: మనిషి నోటి మీద అతనికున్న అదుపును తీసేసి రాబట్టిన మాటకు అతను తర్వాత జవాబు చెప్పుకోలేడు.

ట్రాప్‌లోనూ నాకు గిట్టని భాగం ఒకటుంది. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. టేబుల్ మీద విసనకర్రలా పరిచిన నోట్లు, పక్కన రెండు గులాబీ సీసాలు, వెనకాల కుర్చీలో తల దించుకున్న మనిషి. ఈ ఫొటో కేసుకు దేనికీ పనికిరాదు. నేరం నిరూపించడానికి అక్కర్లేదు, సాక్ష్యం నిలబడటానికి అక్కర్లేదు. అతని పిల్లలు మాత్రం సోమవారం బడికి వెళ్లాలి. శిక్ష వేయాల్సింది కోర్టు, ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతే ఇంకా రాలేదు, అయినా ఊరంతటి ముందూ తీర్పు అయిపోయింది. ఇతరులు భయపడతారు కదా అని సమర్థిస్తారు. ఆ భయం శిక్ష పడితేనే రావాలి, ఫొటోతో కాదు. అతనికీ పెళ్లాం పిల్లలున్నారు కదా అని మీరు జంకుతున్నారు కాబట్టి ఇది చెప్తున్నాను. వాళ్ల గురించి బాధపడి ఫిర్యాదు మానేయక్కర్లేదు, ఆ భారం మీది కాదు. ఫొటో పేపర్లకు పంపడం మాత్రం మీ చేతిలో ఉంటే పంపకండి.

ఇక మీరు చేయాల్సినవి. సర్వేయరుకు రాతపూర్వకంగా ఒక లేఖ ఇచ్చి, తహసీల్దారు కార్యాలయంలో ముద్ర వేయించుకోండి. దరఖాస్తు నంబరు, చలానా తేదీ, ఇప్పటిదాకా వెళ్లిన తేదీలు అందులో రాయండి. దాంతోపాటు సమాచార హక్కు కింద రెండే ప్రశ్నలు వేయండి: నా దరఖాస్తు ఈ రోజు ఎవరి దగ్గరుంది, నా తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో ఏవి పూర్తయ్యాయి. రెండో ప్రశ్న పదునైనది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, చాలాసార్లు జవాబుకు ముందే ఫైలు కదులుతుంది. సోమవారం కలెక్టరేట్లో ఫిర్యాదుల రోజున వెళ్తే రసీదు తీసుకోవడం మర్చిపోకండి.

ఈ మధ్యలో అతను అడిగితే, నేరుగానైనా, "పైవాళ్లకూ ఇవ్వాలి కదా" లాంటి మాటలతోనైనా, బేరమాడకండి, "చూస్తాను సార్" అని వచ్చేయండి. అన్న మాటలు అన్నట్టుగానే కాగితం మీద పెట్టుకుని జిల్లా ఏసీబీ డీఎస్పీ దగ్గరకు వెళ్లండి, తెలంగాణలో అయితే 1064కు ఫోన్ చేయవచ్చు. డబ్బు మీ దగ్గర లేకపోతే ఆ మాట కూడా చెప్పండి, దానికి వాళ్ల పద్ధతి వాళ్లకు ఉంటుంది. అడగకపోతే మాత్రం లేఖల దారినే పోవాలి, అంతకు మించి ఏమీ లేదు.

ఒకవేళ మీ అన్నయ్య ఇప్పటికే సర్వేయరుతోనో, అతని మనిషితోనో "ఎంతో కొంత చూసుకుందాం" అని మాట్లాడేసి ఉంటే, ఆ సంగతి మొదటి రోజే డీఎస్పీకి చెప్పండి. ముందు ఎవరు ఎత్తారో, ఏ మాటన్నారో ఉన్నదున్నట్టు చెప్పాలి. దాచిపెట్టి ఫిర్యాదు ఇస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు వేసే మొదటి ప్రశ్న అదే అవుతుంది, అప్పుడు బోనులో ఉండేది మీరు.